ముచ్చట తొవ్వ, మూగ తొవ్వ

బస్తర్ వెళ్లొచ్చానని తెలిసినప్పటినుంచి మా కళ్లద్దాల దుకాణానికి వచ్చేవాళ్లంతా రెండే ప్రశ్నలు వేస్తున్నారు. భయం వేయలేదా అని ఒకటి, ఒక్కడివే ఎందుకు వెళ్లావని రెండోది. మొదటిదానికి జవాబు తేలిక. భయం వేసింది, కాకపోతే వాళ్లనుకునే వాటివల్ల కాదు. రెండోదానికి జవాబు దుకాణంలో నిలబడి చెప్పలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది కొత్తగూడెం. నాకు యాభై దాటాయి. రెండేళ్ల కిందట కిన్నెరసాని దారిలో సైకిల్ తొక్కుతూ గుండె పట్టుకుని కూలబడ్డాను. పక్కన నా స్నేహితుడు సుధాకర్ ఉన్నాడు. ట్రాలీ ఆటో ఒకటి ఆపి, నా తల ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రికి చేర్చింది వాడే. స్టెంట్ వేశారు, బతికాను. ఆ తరవాత సుధాకర్ నాతో సైకిల్ తొక్కలేదు. గొడవేమీ లేదు. ఆదివారం పొద్దున్నే మోగే ఫోన్ మోగడం మానేసింది, అంతే. వాళ్ల సైకిల్ గుంపు మా దుకాణం ముందునుంచే వెళ్తుంది. చెయ్యి ఊపుతారు, నేనూ ఊపుతాను. సుధాకర్ మాత్రం ఆ కాస్త దూరం రోడ్డుకేసి చూస్తూ తొక్కుతాడు.

నిటారు ఎత్తులు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఎంత నిటారు అని మా ఆవిడ జయ రెట్టించి అడిగితే, ఐదు శాతం దాటకుండా చూసుకోమన్నాడు. అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఐదు మీటర్లు పైకి. ఆయన నోటికొచ్చిన అంకె చెప్పి ఉంటాడు, జయ దాన్ని శాసనం చేసింది. హ్యాండిల్ మీద బిగించే జీపీఎస్ కంప్యూటర్ కొని తెచ్చింది. అది దారి వాలు ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఐదు దాటితే దిగి నడవాలి. ఇంకో షరతు కూడా పెట్టింది. బస్తర్‌లో, కిరండోల్‌లో ఉన్న మా తోడల్లుడి ఇంటిదాకా సొంత కాళ్లమీద చేరితే సైకిల్ నాది. మధ్యలో చేతకాక జీపెక్కితే సైకిల్ అమ్మెయ్యాలి. తిరుగు ప్రయాణం బస్సులోనే, దానికి పేచీ లేదు. ఒప్పుకున్నాను. ఓడిపోతే ఇక ఆదివారాలన్నీ చెయ్యి ఊపడమేనని తెలిసే ఒప్పుకున్నాను.

మరైగూడ

భద్రాచలం దాటి దుమ్ముగూడెం మీదుగా పోతుంటే ఎక్కడ తెలంగాణ అయిపోయిందో, ఎక్కడ ఛత్తీస్‌గఢ్ మొదలైందో రోడ్డు చెప్పదు. బోర్డుల మీద అక్షరాలు హిందీలోకి మారాయి, మనుషుల నోట్లో మాట మాత్రం మారలేదు. మరైగూడ చేరేసరికి అకాల వర్షం పట్టుకుంది. రోడ్డు పక్క ఇంటి అరుగు మీదికి సైకిల్‌తో సహా ఎక్కేశాను. ఆ ఇంటి పెద్దావిడ పేరు రాములమ్మ. మిరప తోటల్లో కూలికి భద్రాచలం వైపు వెళ్లి వస్తుంటుందట. నన్ను తడిసిన కోడిని చూసినట్టు చూసి, లోపలినుంచి తువ్వాలు తెచ్చి పడేసింది.

"ఏంది బిడ్డా, ఒక్కనివే వచ్చినవా? జతకు ఎవలు లేరా?"

లేరన్నాను. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ బయటికి అనలేదని అప్పుడే తెలిసింది. ఆవిడ లోపలికి పిలిచింది. ఉడుకుడుకు అన్నం, చింతపండు పులుసులో ఎండుచేపలు పెట్టింది. మా ఇంట్లో డాక్టరు పేరు చెప్పి ఎండుచేప గడప దాటనివ్వరు. రెండుసార్లు పెట్టించుకున్నాను.

రాత్రి అక్కడే పడుకుని, పొద్దున్నే బయల్దేరుతూ ముందు దారిలో ఎత్తులు ఉన్నాయా అని అడిగాను. హ్యాండిల్ మీది పెట్టెకేసి, నాకేసి చూసి చెప్పింది. "కోంటా దాంక ముచ్చట తొవ్వనే బిడ్డా. సుక్మా దాంక గూడ ముచ్చట తొవ్వనే. ఆ అవతల ఒక మూగ తొవ్వ తగుల్తది. ఆడ పైలం."

నాకు భలే సంతోషమేసింది. ముచ్చట తొవ్వ అంటే జనం తిరిగే దారి, పలకరించేవాళ్లు దొరికే దారి అనుకున్నాను. మూగ తొవ్వ అంటే మనిషి కనపడని అడవి. సుక్మాదాకా కబుర్లకు కొదవ లేదన్నమాట. దారిలో దొరికే పిల్లలకు పంచొచ్చని కోంటా వెళ్లే దారి మొదట్లోనే దుకాణంలో బిస్కట్ పొట్లాలు కొని సంచి నింపాను.

కోంటా దారి

ఒక్క పిట్ట మనిషి లేడు. కొత్తగా వేసిన తారు రోడ్డు, అటూ ఇటూ ఇప్ప చెట్లు, దూరంగా పశువుల మెడగంటలు. గంట మోగుతుంది, పశువు కనపడదు, కాపరీ కనపడడు. ముచ్చట తొవ్వ అంటే ఇదా అని రాములమ్మను తిట్టుకున్నాను. బిస్కట్లు నేనే తింటూ పోయాను.

ఆ ఒంటరితనంలో కంప్యూటర్‌కు కూడా తిక్క పుట్టింది. దాని అడుగున గుండుసూది మొనంత రంధ్రం ఉంటుంది. అందులోంచి గాలి ఒత్తిడి చూసుకుని మనం ఎంత పైకి ఎక్కామో లెక్క కడుతుంది. ముందురోజు వానకు ఆ రంధ్రంలో నీళ్లూ ఎర్రమట్టీ చేరినట్టున్నాయి. చాప పరిచినట్టున్న రోడ్డు మీద ఏడు శాతం ఎత్తు అంది, తరవాత తొమ్మిదంది. నాకు కంటికి కనిపిస్తూనే ఉంది అది చదును అని. అయినా శాసనం శాసనమే కదా. దిగి నడిచాను. సుక్మా వెళ్లే బస్సొకటి పక్కనుంచి పోతే, చదును రోడ్డు మీద సైకిల్ నడిపిస్తున్న నన్ను కిటికీల్లోంచి అందరూ తలలు తిప్పి చూశారు.

బాగున్నప్పుడూ అది అంత నమ్మకస్తురాలేం కాదు. ఎత్తు మొదలైన కాసేపటికి గానీ అంకె మారదు. ఎత్తు అయిపోయి మనం చల్లగాలికి దిగుతుంటే అప్పుడు చెప్తుంది, అబ్బో నిటారు అని. జ్వరం తగ్గాక పలకరించడానికి వచ్చే చుట్టంలాంటిది. మా దుకాణంలోనూ కంటి పవరు చెప్పే మిషన్ ఉంది. అది అంకె ఇస్తుంది, కానీ ఆ అంకెతో అద్దం చేసి ఇవ్వం. మనిషిని కూర్చోబెట్టి, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతాం. అడిగేవాడూ చెప్పేవాడూ ఇద్దరూ ఉండాలి. రోడ్డు మీద నన్ను అడిగేవాడు ఎవడూ లేడు.

భద్రతా దళాల క్యాంపు దగ్గర ఆపారు. ఆధార్ కార్డు చూశారు, సంచి విప్పించారు, చివరికి ఆ కంప్యూటర్ దగ్గర ఆగారు. ఇదేంటి, దేన్ని రికార్డు చేస్తోందని ఒక జవాను నిలదీశాడు. నా వచ్చీరాని హిందీలో గుండె సంగతీ, ఎత్తుల సంగతీ చెప్పుకున్నాను. అతను వంగి తెర చూశాడు. కదలకుండా నిలబడి ఉన్న సైకిల్ మీద అది ఎనిమిది చూపిస్తోంది. "అంకల్, ఆప్ తో ఖడే ఖడే చఢ్ రహే హో," అన్నాడు. నిలబడిన చోటే కొండెక్కుతున్నావంటాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. టీ ఇచ్చారు. ఆ దారిలో నాతో మాట్లాడిన మనుషులు వాళ్లే. నిలబడిన చోటే ఎక్కుతున్నావన్న మాట మాత్రం సాయంత్రందాకా నా వెంటే వచ్చింది. రెండేళ్లుగా నా పని అదే కదా అనిపించింది.

సుక్మా సంత

సుక్మాలో సంత రోజు తగిలింది. మా వైపు సంతంటే గొంతు. అరవనివాడి సరుకు అమ్ముడుపోదు. ఇక్కడ ఆడవాళ్లు ఆకులమీద సరుకు పోగులు పెట్టి ఊరకే కూర్చుంటారు. చింతపండు పోగు, వెల్లుల్లి పోగు, ఎండు రొయ్యల పోగు. పోగు ఇరవయ్యో ముప్పయ్యో, తూకం లేదు, బేరమూ తక్కువే. కావాలంటే తీసుకుంటావు, లేదంటే పోతావు. అంత జనంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. ఎర్రచీమల పచ్చడి దొప్పలో కొనుక్కుని నాలుకకు రాసుకుంటే పుల్లగా, ఘాటుగా చెవుల్లోకి ఎక్కింది. చాపడా అంటారు దాన్ని. పక్కన నిలబడి నా మొహం చూసి నవ్వడానికైనా ఒకడుంటే బాగుండేది. సుధాకర్ ఉంటే నా ఫొటో తీసి ఊరంతా పంచేవాడు.

కంప్యూటర్ రంధ్రం శుభ్రం చేద్దామని గాజులమ్మే ఆమె దగ్గర పిన్నీసు కొన్నాను. పొడిచి పొడిచి మట్టిని ఇంకా లోపలికి తోశాను. కొరివితో తల గోక్కున్నట్టయింది. అప్పటిదాకా చదునును ఎత్తు అన్న పెట్టె, ఆ తరవాత ఎత్తును పల్లం అనడం మొదలుపెట్టింది. అయితే ఆ సంగతి నాకు అక్కడ తెలియలేదు.

నకుల్‌నార్ ఇవతల

సుక్మా నుంచి నకుల్‌నార్ వైపు పడమటి దారి పట్టాక అడవి చిక్కబడింది. ఊళ్ల మొదట్లో చనిపోయినవాళ్ల పేరున నిలబెట్టిన రాళ్లు, రంగుల సిమెంటు దిమ్మెలు కనిపిస్తాయి. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వాటిమీద బొమ్మలు వేస్తారు. ఎద్దులు, డోలు, కల్లు గీసే సల్ఫీ చెట్టు. మన వైపు పోయినవాళ్లను ఫొటోలోకి ఎక్కించి గోడకు కొడతాం. వీళ్లు దారి పక్కన నిలబెట్టి వచ్చేపోయేవాళ్లను చూస్తుండమంటారు. ఒకదానిమీద నీలం చొక్కా వేసుకుని సైకిల్ తొక్కుతున్న మనిషి బొమ్మ ఉంది. అతని వెనక కారియర్ మీద ఎవరూ లేరు. దానిముందు ఎక్కువసేపు ఆగలేకపోయాను.

అక్కణ్నించి దారి పైకి లేచింది. కంప్యూటర్ ఒకటి అంది. కాసేపటికి సున్నా. మలుపు తిరిగాక మైనస్ మూడు అంది, అంటే పల్లం. నా తొడలు మండుతున్నాయి, చక్రం కదలనంటోంది, తెర మీద మాత్రం నేను దిగుతున్నాను. ఇక్కడ నా బుద్ధి గడ్డి తిన్నది. చదును మీద దాని మాట విని నడిచినవాణ్ని, ఎత్తు మీద కూడా దాని మాటే విన్నాను. అంకె ఐదు దాటలేదు కదా, శాసనం ప్రకారం దిగక్కర్లేదు కదా అని తొక్కాను. నిజం చెప్పాలంటే దిగాలని లేదు. దిగకుండా ఉండటానికి ఒక అంకె దొరికింది, అంతే.

రెండో మలుపులో ఛాతీ బిగిసింది. సైకిల్ వదిలేసి రోడ్డు పక్క కూలబడ్డాను. నాలుక కింద మాత్ర పెట్టుకున్నాను. కిన్నెరసాని దారిలో నా తల ఒకరి ఒళ్లో ఉంది, ఇక్కడ నా తల వెనక చెట్టు మొద్దు. పోతానేమోనన్న భయం కంటే, పోతే ఎవరికి తెలుస్తుందన్న దిగులు ఎక్కువైంది. అంత ఒంటరిగా నా జన్మలో ఎప్పుడూ లేను.

అప్పుడు కింది మలుపులోంచి ఒకాయన సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. కారియర్ మీద బియ్యం బస్తా. నన్ను చూసి సైకిల్ చెట్టుకు ఆనించి, పక్కన కూర్చున్నాడు. సొరకాయ బుర్రలోంచి జొన్న గంజి దొప్పలో పోసి ఇచ్చాడు. పై నుంచి జీపొకటి వచ్చి, మమ్మల్ని దాటి ఆగింది. ఖాళీ సీట్లున్నాయి. డ్రైవరు తల బయటపెట్టి "బైఠో అంకల్, సుక్మా ఆస్పతాల్ ఛోడ్ దూంగా," అన్నాడు. సుక్మా ఆస్పత్రిలో దింపుతానని, సైకిల్ పైన కట్టేస్తానని చెప్పాడు.

ఎక్కితే సైకిల్ పోతుంది. ఎక్కకపోతే ప్రాణం పోతుందేమో. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను, మాట రాలేదు. ఆ పక్కనున్నాయన డ్రైవరుకు ఆగమని చెయ్యి చూపించి, నావైపు తిరిగాడు. మా సరిహద్దు తెలుగులో, మధ్యమధ్య వాళ్ల దోర్లీ భాష మాటలు కలుస్తుంటే, "ఏదన్న మాట్లాడన్నా," అన్నాడు. "నీ పేరు చెప్పు. ఊరు చెప్పు. మాట నడుమ తెగకుంట రావాలె. తెగితే జీపెక్కు."

మొదటిసారి పేరు దగ్గరే తెగింది. కాసేపాగి మళ్లీ అడిగాడు. ఊరుదాకా వచ్చింది. మూడోసారికి పేరు, ఊరు, దుకాణం, జయ, ఆవిడ షరతూ అన్నీ ఒక్క ఊపులో చెప్పేశాను. ఛాతీ బిగువు కూడా వదిలింది. ఆయన తల ఊపాడు. జీపు డ్రైవరు ఇంకోసారి నా మొహం చూసి, పక్కా కదా అని అడిగి, వెళ్లిపోయాడు.

ఆయన పేరు ముత్తా. బచేలీ దగ్గర కూతురింటికి బియ్యం తీసుకుపోతున్నాడు. ఇంత నిటారు దారిని పల్లం అంటోందని పెట్టెను చూపించి చెప్పుకుంటే, దానికి మాటలు రావు కదా అన్నాడు. వాళ్ల వైపు నెత్తిన మూటతో నడిచేవాళ్లు దారిని రెండు రకాలుగా చెప్పుకుంటారట. మూటతో నడుస్తూ కూడా ముచ్చట సాగిందంటే అది ముచ్చట తొవ్వ. నడుస్తున్నవాళ్ల మాట దానంతటదే ఆగిపోయిందంటే మూగ తొవ్వ. "ఇది మూగ తొవ్వ. ఈడ ఎవలు మాట్లాడరు, ఎవలు తొక్కరు. నెట్టుకుంటనే పోతం."

రాములమ్మ చెప్పింది జనం గురించి కాదు, ఎత్తు గురించి! నేను అడిగినదానికే ఆవిడ సూటిగా జవాబు చెప్తే, నేను నా దిగులుకు కావలసిన అర్థం తీసుకుని బిస్కట్లు కొన్నాను. అంత అలసటలోనూ నవ్వొచ్చింది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. జతకు ఎవలు లేరా అని ఆవిడ అందుకే అడిగింది. ఒంటరివాడికి మాట ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది?

ఇద్దరం సైకిళ్లు నెట్టుకుంటూ ఎక్కాం. ఒక్క మాట లేదు. అయినా ఆ ఎత్తు మీద నాకు ఒంటరితనం తెలియలేదు. మా గుంపులో మాట ఆగిందంటే ఎవరో అలిగారని అర్థం. ఇక్కడ అందరి మాటా ఆగుతుంది కనుక ఎవరూ నొచ్చుకోరు. ముత్తా నాకంటే ముందు పైకి చేరాడు. నేను రొప్పుతూ వెళ్లేసరికి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. పలకరించలేదు, ఎట్లుంది అని అడగలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు. అది అక్కడి మర్యాదట, తరవాత ఆయనే చెప్పాడు. పైకి ముందొచ్చినవాడు మాట ఎత్తకూడదు. వెనక వచ్చినవాడికి ఊపిరి అంది, వాడంతట వాడు మాట్లాడేదాకా ఆగాలి. ముందే పలకరిస్తే వాడు రొప్పుతూ జవాబు చెప్పాల్సొస్తుంది, అది వాణ్ని చిన్నబుచ్చినట్టు.

ఊపిరి అందాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట నాకే ఆశ్చర్యం. "మా ఊళ్లో సుధాకర్ అని ఒకడున్నాడు," అన్నాను.

అవతలివైపు ముచ్చట తొవ్వ. చెబుతూనే ఉన్నాను. నా కొత్తగూడెం తెలుగు ముత్తాకు సగమే అర్థమై ఉంటుంది, ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఒకచోట కాలిబాట చీలింది. ఆయన సైకిల్ అటు తిప్పి, చెయ్యెత్తి, చెట్లలోకి వెళ్లిపోయాడు. సంచిలో మిగిలిన బిస్కట్ పొట్లం ఆయన మనవలకు ఇవ్వలేదని తరవాత గుర్తొచ్చింది.

ముందు చిన్న ఎత్తు వచ్చినప్పుడు ఒంటరిగా పైకే మాట్లాడుతూ తొక్కి చూశాను. సుధాకర్ పక్కనున్నట్టే వాడితో ఎర్రచీమల పచ్చడి గురించి చెప్పాను. మాట తెగిన చోట దిగి నడిచాను. పద్ధతి పనిచేసింది. మేకలు కాసే ఒకామె నన్ను చూసి మేకల్ని కాస్త అవతలికి తోలుకుంది.

కిరండోల్

బచేలీ దాటి కిరండోల్ చేరితే కొండల నిండా ఇనుము, రోడ్ల నిండా ఎర్రదుమ్ము. కంపెనీ క్వార్టర్ల వరసలో మాత్రం ఇంగువ తాలింపు వాసన. మా మరదలు వంకాయ పులుసు చేసి, "బావా, చిక్కిపోయావు," అంటూ వడ్డించింది. తోడల్లుడు గనిలో పనిచేస్తాడు. నా కంప్యూటర్‌ను ఫోన్‌కు కలిపి నేను ఎక్కిన దారి గీత చూశాడు. మూగ తొవ్వ ఉండాల్సిన చోట గీత మెత్తగా కిందికి జారింది. "ఇక్కడ హాయిగా దిగినట్టున్నారు అన్నయ్యగారూ," అన్నాడు. రికార్డు ప్రకారం నేను ఆ కొండ ఎక్కనే లేదు.

జయ ఫోన్ చేసి ఐదు దాటిందా అని అడిగింది. కొండ మీద మిషన్ దాటలేదంది, నేను దాటాను అని ఉన్నదున్నట్టు చెప్పాను. మాత్ర సంగతీ చెప్పాను. తిట్టింది, ఏడ్చింది, ముందు డాక్టరుకు చూపించుకోమంది. చివరికి జీపెక్కావా అని అడిగింది. లేదన్నాను. సరే, సైకిల్ ఉండనీ, కానీ ఇంకెప్పుడూ ఒక్కడివే వద్దు అంది. ఆ షరతు పాతవాటికంటే కష్టమైనది.

ఇంటికి వచ్చాక

డాక్టరు పరీక్షలు చేసి, కంగారు లేదన్నాడు. తొక్కుతూ మాట్లాడగలిగినంతవరకే తొక్కమన్నాడు. ఈ మాట ముందే చెప్పొచ్చుగా అనుకున్నాను.

శనివారం సాయంత్రం సుధాకర్‌కు నేనే ఫోన్ చేశాను. బస్తర్ వెళ్లొచ్చావటగా అన్నాడు. గొంతు జాగ్రత్తగా ఉంది. రోడ్లు ఎలా ఉన్నాయి, తిండి ఎలా ఉంది, వాన పడిందా అని అడిగాడు. ఆ తరవాత అడగాల్సిందాన్ని ఇంకో రకంగా అడిగాడు. "ఎత్తులున్నాయంట కదా. ఎంత పర్సెంట్ వచ్చింది?"

"చాలావరకు ముచ్చట తొవ్వేరా," అన్నాను. "ఒక మనిషే తక్కువ."

ముచ్చట తొవ్వంటే ఏంటో వాడికి తెలియదు. రెండో మాట తెలిసినట్టుంది. అవతల చప్పుడు లేదు. వాళ్లింట్లో ఫ్యాను తిరుగుతోంది, ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. ఆ రోజు ట్రాలీ ఆటోలో నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడికి ఇంకా ఊపిరి అందలేదని రెండేళ్లుగా నాకు తట్టనే లేదు.

హలో అనబోయి ఆగాను. పైకి ముందొచ్చింది నేను. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.